లేజర్ కోతకు, చెక్కడానికి వెక్టర్ ఫైలును ఎలా సిద్ధం చేయాలి: కొలతలు, తెలుగు అక్షరాలు, పెట్టె పళ్లు

మీ ప్రశ్నలో మూడు ఇబ్బందులు కలిసి ఉన్నాయి. గృహప్రవేశానికి బహుమతిగా ఇవ్వడానికి ఇలస్ట్రేటర్‌లో గీసిన ఎండీఎఫ్ (చెక్కపీచును నొక్కి చేసిన పలక) పెట్టె 200 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. లేజర్ షాపువారు ఎస్వీజీ (బొమ్మను గీతలుగా దాచే ఫార్మాట్) ఫైలు తెరిస్తే అది 150 మిల్లీమీటర్లుగా కనిపించింది. కొలత సరిచేసి కోయించాక పెట్టె పళ్లు, అంటే పలకల అంచుల్లో ఒకదానిలో ఒకటి దిగే భాగాలు, బిగియకుండా ఊగుతున్నాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించిన ‘శ్రీనివాస నిలయం’ అక్రిలిక్ నేమ్ ప్లేటును, అక్షరాల లోపల అడ్డగీతలు ఉన్నాయనీ, కొన్నిచోట్ల గీతలు రెండేసి ఉన్నాయనీ చెప్పి వారు తిప్పి పంపారు. షాపువారి తప్పేమీ లేదు. నగరంలో జాబ్ వర్క్ చేసే లేజర్ యూనిట్లకు రోజూ వచ్చే ఫైళ్లలో చాలావాటికి ఇవే జబ్బులు ఉంటాయి, వాటిని సరిచేసే పని ఆపరేటర్‌ది కాదు.

ప్రింటింగుకు పంపే ఫైలును మనం కంటితో చూసి ఆమోదిస్తాము. కాగితం మీద ఏది కనిపిస్తుందో అదే ముఖ్యం కాబట్టి అక్కడ ఆ పద్ధతి చెల్లుతుంది. కోతకు వెళ్లే ఫైలులో అది చెల్లదు, ఎందుకంటే యంత్రానికి రంగు నింపిన ఆకారం, ముందున్న వస్తువు, వెనుకనున్న వస్తువు అనే తేడాలు తెలియవు. దానికి కనిపించేది గీత ఎక్కడ మొదలై ఏ దారిన వెళ్లి ఎక్కడ ముగుస్తుందన్నది మాత్రమే. అనవసరమైన భాగాన్ని తెల్లటి చతురస్రంతో కప్పేయడం డీటీపీలో అందరూ చేసే పని. లేజర్ మాత్రం కింద దాగిన బొమ్మనూ కోస్తుంది, కప్పిన చతురస్రాన్నీ కోస్తుంది. కోరెల్‌లో పవర్‌క్లిప్ లోపల దాచినా, ఇలస్ట్రేటర్‌లో క్లిప్పింగ్ మాస్క్ వేసినా చాలాసార్లు ఇదే జరుగుతుంది. దాచడం కాదు, నిజంగా కత్తిరించి తొలగించాలి.

అందువల్ల ఏ ఫైలునైనా పంపే ముందు మొదట చేయవలసినది దాన్ని గీతలుగా చూడడం. ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్‌తో పాటు వై నొక్కితే అవుట్‌లైన్ దృశ్యం వస్తుంది. కోరెల్‌లో వ్యూ మెనూలో వైర్‌ఫ్రేమ్ ఉంది, ఇంక్‌స్కేప్‌లో డిస్‌ప్లే మోడ్‌ను అవుట్‌లైన్‌కు మార్చవచ్చు. ఆ దృశ్యంలో కనిపించే ప్రతి గీతా యంత్రానికి ఒక ఆజ్ఞే. మీ నేమ్ ప్లేటును అలా తెరిచి చూస్తే షాపువారు ఏమన్నారో ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ముందు కొలత సంగతి. 200 సరిగ్గా 150 అయిందంటే అది ఎవరి చేతి పొరపాటూ కాదు, నాలుగింట మూడు వంతుల నిష్పత్తి. ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 పాయింట్ల లెక్కలో పనిచేస్తుంది, దాని ఎస్వీజీలో కొలతలు చాలావరకు ఆ అంకెలతోనే, యూనిట్ పేరు లేకుండా రాసి ఉంటాయి. చదివే సాఫ్ట్‌వేర్ అంగుళానికి 96 లెక్క వేసుకుంటే 72 బై 96, అంటే 75 శాతానికి బొమ్మ కుంచించుకుపోతుంది. ఎదురు దిశలో వెళితే అదే బొమ్మ 133 శాతానికి పెరుగుతుంది. ఇంక్‌స్కేప్ పాత రూపాలు అంగుళానికి 90 లెక్కలో ఉండేవి, 2017లో వచ్చిన 0.92 నుంచి 96కు మారాయి. పాత ఫైలు తెరిస్తే 100 మిల్లీమీటర్లు 93.75 అయ్యేది ఇందుకే. ఇంజనీరింగ్ డ్రాయింగులకు వాడే డీఎక్స్ఎఫ్ ఫార్మాట్‌లో మరో చిక్కు ఉంది: అంకె 4 అని ఉంటే అది 4 అంగుళాలా, 4 మిల్లీమీటర్లా అన్నది తెరిచే సాఫ్ట్‌వేర్ అమరికను బట్టి మారిపోతుంది, తేడా వస్తే 25.4 రెట్లు వస్తుంది. అంత పెద్ద తేడా ఎవరి కంటికైనా తగులుతుంది కాబట్టి దానితో ప్రమాదం తక్కువ. 6 శాతం తేడాయే ఎవరికీ కనిపించకుండా షీటంతా కోయిస్తుంది.

దీనికి నేను నమ్మే ఉపాయం చాలా చిన్నది. ఫైలు మూలలో, పనికి సంబంధం లేని రంగులో, సరిగ్గా 100 మిల్లీమీటర్ల చతురస్రం ఒకటి గీసి, ‘ఇది 100 మి.మీ., కోయవద్దు’ అని మెసేజ్‌లో రాయండి. ఆపరేటర్ దానిమీద క్లిక్ చేసి కొలత చూస్తే చాలు, ఫార్మాట్ ఏదైనా, వెర్షన్ ఏదైనా తేడా అక్కడే బయటపడుతుంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉంచండి. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారులో షీట్లు అడుగులలో అమ్ముతారు, కార్పెంటర్ సూత్‌లలో చెబుతాడు. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మిల్లీమీటర్లు. దాన్ని నోటిలెక్కగా మూడనుకుని ఫైలులో వేస్తే పక్కపక్కన పది అమరికలు వచ్చేసరికి 1.75 మిల్లీమీటర్ల తేడా పోగవుతుంది.

ఇక నేమ్ ప్లేటు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఇంగ్లీషు అక్షరాల కోసం రాసిన ఏ ట్యుటోరియల్ చూసినా దీనికి జవాబు దొరకదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ కావు. వాటిలో అక్షరం ఒక ముక్క, తలకట్టు మరో ముక్క, గుడి, కొమ్ము, ఒత్తు ఇంకొన్ని ముక్కలు. టైపు చేసేటప్పుడు ఒకదానిమీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. నలుపు నింపినప్పుడు అన్నీ కలిసిపోయి ఒకే అక్షరంగా కనిపిస్తాయి, ప్రింటులో ఏ లోపమూ ఉండదు. కర్వులుగా, అంటే ఫాంటుతో సంబంధం లేని గీతలుగా, మార్చిన తరువాత మాత్రం ప్రతి ముక్కకూ తన చుట్టుగీత మిగిలే ఉంటుంది. ఆ గీతలు అక్షరం లోపల ఒకదానినొకటి దాటుకుంటూ పోతాయి. లేజర్ ఆ గీతలన్నిటినీ కోస్తే ‘శ్రీ’ నాలుగైదు తునకలై రాలిపోతుంది. షాపువారు ‘అడ్డగీతలు’ అన్నది వీటినే.

మొదటి మెట్టు టెక్స్టును కర్వులుగా మార్చడం. కోరెల్‌లో కంట్రోల్, క్యూ. ఇలస్ట్రేటర్‌లో క్రియేట్ అవుట్‌లైన్స్. ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్. ఇది చేయకుండా పంపితే, అను ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ ఇంటిపేరు అర్థంలేని రోమన్ అక్షరాలుగానో గుర్తులుగానో తెరుచుకుంటుంది. మీరు పంపిన ఫైలులో ఈ మెట్టు వరకు జరిగింది, తరువాతి మెట్టు జరగలేదు. ఆ రెండో మెట్టు పేరు కోరెల్‌లో వెల్డ్, ఇలస్ట్రేటర్ పాత్‌ఫైండర్‌లో యునైట్, ఇంక్‌స్కేప్‌లో యూనియన్. ఒకదానిమీద ఒకటి ఉన్న ఆకారాల లోపలి గీతలను తీసేసి బయటి చుట్టును, అక్షరం లోపలి ఖాళీని మాత్రమే ఇది మిగులుస్తుంది. చాలామంది వెల్డ్‌కు బదులు కోరెల్‌లో కంబైన్ కొట్టి పని అయిపోయిందనుకుంటారు. కంబైన్ గీతలను తీసేయదు. పైగా రెండు ముక్కలు అతుక్కున్న చోట నింపిన రంగు పోయి తెల్లటి కంత పడుతుంది. అలాంటి ఫైలును చెక్కడానికి పంపితే తలకట్టు అక్షరంతో కలిసే చోట చెక్కకుండా చిన్న మచ్చ మిగిలిపోతుంది. వెల్డ్ చేసిన వెంటనే మళ్లీ వైర్‌ఫ్రేమ్‌లోకి వెళ్లి, ప్రతి అక్షరాన్నీ పెద్దదిగా చేసి చూడండి.

యూనికోడ్ ఫాంట్లు వాడితే ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. కొన్ని ఫాంట్లలో ముక్కలు అక్షరం లోపల ఒకదానిపై ఒకటి ఉన్నట్లుగానే ఉంటాయి కాబట్టి వెల్డ్ అలవాటుగా చేయవలసిందే. ఇలస్ట్రేటర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేసేటప్పుడు ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, దక్షిణాసియా లిపుల కంపోజర్‌ను ఎంచుకోకపోతే ఒత్తులు అక్షరం కిందికి రాకుండా పొల్లుతో పక్కపక్కనే పడతాయి. ఈ తప్పుతో కోసిన ఇంటిపేర్లు కాలనీల గేట్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. చదివే మనిషి టైపు చేసినదాన్ని ఒకసారి చూసి ఉంటే అవి అలా వచ్చేవి కావు.

ఫాంట్ ఎంపిక అందానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడకండి. అక్షరాలను విడిగా కోసి పలక మీద అంటించాలంటే విడిపోయే భాగాలు ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టుకోవాలి. ప, ష, స వంటి అక్షరాలకు తలకట్టు కింది భాగాన్ని తాకదు. మీ ‘శ్రీనివాస’లోని చివరి ‘స’ కోతలో రెండు ముక్కలవుతుంది. ఒత్తులు చాలావరకు విడిగానే పడతాయి. అవి 3 మిల్లీమీటర్ల అక్రిలిక్‌లో చిటికెనవేలి గోరంత ముక్కలై యంత్రంలో షీటును మోసే తేనెపట్టు లాంటి బల్ల కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి, దొరికినా వాటిని ఏ వాలులో అంటించాలో తెలియదు. హైదరాబాద్ బోర్డుల మీద తెలుగుతో పాటు వచ్చే ఉర్దూకూ ఇదే సమస్య. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, అన్నీ విడి ముక్కలే, పొడవైన గీతలు పక్క అక్షరం మీదికి వాలతాయి కాబట్టి అక్కడా వెల్డ్ తప్పదు. పాతబస్తీ ఛత్తాబజార్ ప్రెస్సుల్లో ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌లో చేయించి తెచ్చిన ఫైలైనా ఇదే పరీక్ష పెట్టండి.

దీనికి మూడు దారులున్నాయి, నాకు మూడోదే ఇష్టం. ఒకటి, తలకట్టునూ ఒత్తునూ సన్నని వంతెనతో అక్షరానికి కలిపి గీయడం. అక్షరం రూపం కొంత మారుతుంది, చేయి తిరిగిన వారు గీస్తే బాగుంటుంది, లేకపోతే అక్షరానికి కుట్లు వేసినట్లు ఉంటుంది. రెండు, పేరు మొత్తానికి 4 లేదా 5 మిల్లీమీటర్ల దూరంలో బయట మరో చుట్టుగీత గీసి, ఆ ఆకారంలో వెనుక పలకను వేరే రంగులో కోయించడం. మూడు, వెనుక పలక మీదే ప్రతి అక్షరపు చుట్టును తక్కువ పవర్‌తో మార్కింగుగా గీయించడం. ఆ మార్కింగ్ గీతను అసలు అక్షరం కంటే 0.3 మిల్లీమీటర్లు లోపలికి జరిపి గీస్తే, అంటించిన తరువాత అది అక్షరం కింద దాగిపోతుంది. ముక్కలు ఎన్ని ఉన్నా వాటి చోటు పలక మీద కనిపిస్తుంది, అంటించే మనిషికి తెలుగు రాకపోయినా తప్పు జరగదు.

వెనుక నుంచి దీపం వెలిగే బోర్డు కావాలంటే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు పలకలో అక్షరం ఖాళీగా ఉంటుంది, అక్షరం లోపలి భాగాలు పలకతో సంబంధం తెగి రాలిపోతాయి. ‘నిలయం’లోని సున్న లోపలి గుండ్రం నిలవదు, ఠ, థ వంటి వాటిలో చుక్క సంగతి మరింత చిక్కు, ఎందుకంటే చుక్క ఖాళీగా ఉండాలి, దాని చుట్టూ ఉన్న ఉంగరం నిలవాలి. ఇక్కడ వంతెన తప్పనిసరి. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్‌లో 2 మిల్లీమీటర్ల కంటే సన్నని వంతెనను నేను ఉంచను, పెద్ద అక్షరమైతే రెండు చోట్ల ఉంచుతాను. రెండు వంతెనలను అక్షరపు గీత దారికి అడ్డంగా, ఒకే వాలులో ఉంచితే చూపుకు స్టెన్సిల్ అక్షరంలా పద్ధతిగా కనిపిస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర, బాలూ తమ్ముడు లావుగా ఉండి కోతకు తట్టుకుంటాయి. సన్నని మెడలున్న ఫాంట్లను చెక్కడానికి మాత్రమే వాడండి.

గీత మందం, రంగుల విషయం త్వరగా ముగిస్తాను. కోయవలసిన గీతకు హెయిర్‌లైన్ మందం ఇచ్చి, లోపల రంగు నింపకుండా వదలండి. ప్రింటర్ డ్రైవర్ ద్వారా నడిచే కొన్ని యంత్రాలు 0.001 అంగుళం, అంటే సుమారు 0.025 మిల్లీమీటర్ల గీతనే కోతగా గుర్తించి, అంతకంటే లావైనదాన్ని చెక్కడంగా తీసుకుంటాయి. మన దగ్గర ఎక్కువగా ఉన్న రుయిడా కంట్రోలర్ యంత్రాలు మందాన్ని పట్టించుకోవు, రంగును చూస్తాయి. ఆ యంత్రాలను నడిపే ఆర్డీవర్క్స్, లైట్‌బర్న్ సాఫ్ట్‌వేర్లలో ఒక్కో రంగు ఒక్కో పని. ఎరుపు కోత, నీలం మార్కింగ్, నలుపు చెక్కడం అన్న అలవాటు చాలాచోట్ల ఉన్నా అది నియమం కాదు, షాపును అడిగి తెలుసుకోవాలి. రంగులు ఆర్జీబీలో (తెర రంగుల లెక్క) స్వచ్ఛమైనవిగా ఉండాలి, ఎరుపు అంటే 255, 0, 0. సీఎంవైకేలో (ముద్రణ రంగుల లెక్క) గీసిన ఎరుపు ఎగుమతిలో మరో అంకెలుగా మారి, కంటికి ఒకటిగా కనిపించే రెండు ఎరుపులు రెండు లేయర్లుగా తెరుచుకుంటాయి.

మీకు వచ్చిన ‘రెండేసి గీతలు’ అన్న ఫిర్యాదుకు సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. ఒక ఆకారాన్ని కాపీ చేసి అదే చోట పేస్టు చేసి మరిచిపోవడం మొదటిది. లావు గీతను అవుట్‌లైన్‌గా మార్చడం రెండోది. 1 మిల్లీమీటరు గీతకు రెండు అంచులు ఉంటాయి కాబట్టి రెండు కోతలు పడతాయి. మూడోది ఆటోమేటిక్ ట్రేసింగ్. ఇంటర్నెట్‌లో దొరికిన వినాయకుడి గీతబొమ్మను ట్రేస్ చేస్తే ప్రతి గీతకూ రెండు వైపులా చుట్టు వస్తుంది, వందల కొద్దీ నోడ్లు (గీత దారిని నిర్ణయించే బిందువులు) పడతాయి. కోరెల్‌లోనూ, ఇంక్‌స్కేప్ 1.0 తరువాతి రూపాల్లోనూ సెంటర్‌లైన్ ట్రేస్ ఉంది, గీతబొమ్మకు అది వాడాలి. వాడిన తరువాత కూడా చేత్తో సరిదిద్దకుండా పని జరగదు. రెండుసార్లు కోసిన ఎండీఎఫ్ అంచు నల్లగా మాడుతుంది, కోత వెడల్పవుతుంది, పలుచని షీటైతే నిప్పు అంటుకునే అవకాశమూ పెరుగుతుంది. లైట్‌బర్న్‌లో డూప్లికేట్లను తొలగించే ఆజ్ఞ ఉంది, కాని అది అచ్చంగా ఒకేలా ఉన్న గీతలనే తీస్తుంది, 0.05 మిల్లీమీటర్ల పక్కన ఉన్నదాన్ని అది వదిలేస్తుంది.

నోడ్లు ఎక్కువైతే యంత్రం ప్రతి నోడ్ దగ్గరా వేగం తగ్గించుకుని కుదుపుతో నడుస్తుంది, వంపు అంచు మెట్లుమెట్లుగా వస్తుంది, నిమిషాల లెక్కన తీసుకునే చార్జీ కూడా పెరుగుతుంది. డీఎక్స్ఎఫ్ పాత రూపమైన ఆర్12లో స్ప్లైన్, అంటే నునుపైన వంపు గీత, అన్నదే లేదు. అందులోకి ఎగుమతి చేస్తే వంపులన్నీ చిన్నచిన్న సరళరేఖలుగా విరిగిపోతాయి. తెలుగు అక్షరాలు ఆసాంతం వంపులే కాబట్టి వాటిని పీడీఎఫ్, ఏఐ లేదా ఎస్వీజీగా పంపడమే మేలు, డీఎక్స్ఎఫ్‌ను పెట్టెల వంటి సరళరేఖల పనికి ఉంచండి. చుట్టు మూసుకోని ఆకారాలనూ వెతకండి. అంచులు కలవని ఆకారంలో సాఫ్ట్‌వేర్ చెక్కడాన్ని నింపలేదు, ఆఫ్‌సెట్‌ను, అంటే చుట్టుగీతను కొంత లోపలికో బయటికో జరపడాన్ని, కూడా సరిగా లెక్కించలేదు.

ఇప్పుడు పెట్టె పళ్లు. లేజర్ కిరణానికి మందం ఉంది. గీత వెంట వెళ్తూ అది కొంత పదార్థాన్ని ఆవిరి చేస్తుంది. ఆ తినివేసిన వెడల్పును కెర్ఫ్ అంటారు. లెన్సు, షీటు మందం, వేగం, ఫోకస్‌లను బట్టి సీఓ2 యంత్రాల్లో ఇది సుమారు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కిరణం గీతకు సరిగ్గా మధ్యలో నడుస్తుంది కాబట్టి సగం ముక్క వైపు నుంచి, సగం వ్యర్థం వైపు నుంచి పోతుంది. కెర్ఫ్ 0.2 అయితే, 10 మిల్లీమీటర్లుగా గీసిన పన్ను 9.8 అవుతుంది, 10 మిల్లీమీటర్లుగా గీసిన ఖాళీ 10.2 అవుతుంది. రెండిటి మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు. మీ పెట్టె ఊగడానికి ఇదే కారణం. జిగురు వేసి సర్దుకోవచ్చని షాపులో అని ఉంటారు. ఒక పెట్టెకు సర్దుకోవచ్చు, ఆర్డరు మొత్తానికి అలా చేస్తే మూలలు వంకరగా నిలుస్తాయి.

సరిదిద్దే పద్ధతి ఇది. ముక్క బయటి చుట్టును కెర్ఫ్‌లో సగం, అంటే 0.1 మిల్లీమీటరు, బయటికి జరపాలి. ముక్క లోపలి కన్నాలను అంతే కొలత లోపలికి, అంటే కన్నం చిన్నదయ్యే వైపు, జరపాలి. అప్పుడు పన్ను 10, ఖాళీ 10గా వస్తాయి; ఎండీఎఫ్ కొంచెం నలుగుతుంది కాబట్టి రబ్బరు సుత్తితో తడితే బిగుస్తుంది. అక్రిలిక్‌కు అంత బిగువు పనికిరాదు, అది నలగదు, పగులుతుంది, దానికి 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు వదులు ఉంచి, లోపలి మూలలను కొద్దిగా గుండ్రం చేయండి. ఒక జాగ్రత్త: ఈ ఆఫ్‌సెట్‌ను ఫైలులో మీరు వేశారో, సాఫ్ట్‌వేర్‌లో ఆపరేటర్ వేస్తాడో ముందే తేల్చుకోండి. ఇద్దరూ వేస్తే పళ్లు అసలే దిగవు. నా అభిప్రాయంలో ఫైలును అసలు కొలతలతోనే పంపి, ఆఫ్‌సెట్‌ను యంత్రం దగ్గరున్న మనిషికి వదిలేయడం మంచిది, ఎందుకంటే ఆ రోజు ఆ లెన్సుతో కెర్ఫ్ ఎంతో అతనికే తెలుస్తుంది.

ఆ కెర్ఫ్‌ను అంచనాతో కాక కొలిచి తెలుసుకోవచ్చు. అదే షీటు ముక్క మీద 10 మిల్లీమీటర్ల ఎడంతో 11 సమాంతర గీతలు కోయిస్తే మధ్యలో 10 పట్టీలు వస్తాయి. వాటిని పక్కపక్కన ఒత్తి వెర్నియర్ కాలిపర్‌తో మొత్తం కొలవండి. 98 మిల్లీమీటర్లు వస్తే పోయిన 2 మిల్లీమీటర్లను 10తో భాగించాలి, కెర్ఫ్ 0.2. ఒక్క పట్టీని కొలిచి లెక్కిస్తే వెర్నియర్ పట్టుకోవడంలో వచ్చే తేడాయే అసలు కొలత కంటే పెద్దదవుతుంది, పదింటిని కలిపి కొలవడం అందుకే. సొంతంగా యంత్రం మీద ఈ పరీక్షలు చేసి నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే, రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రంలో లేజర్ కోత సౌకర్యం ఉంది.

షీటు మందాన్ని కూడా కొలవాలి. 3 మిల్లీమీటర్లని అమ్మిన ఎండీఎఫ్ 2.8 ఉండవచ్చు, పోత పోసిన అక్రిలిక్ ఒకే షీటులో ఒక చివరికీ మరో చివరికీ తేడాగా ఉండవచ్చు. పలక నిలువుగా దిగే గాడి వెడల్పు షీటు మందంతో సమానంగా ఉండాలి కదా. 3గా గీసిన గాడి కెర్ఫ్‌తో 3.2 అవుతుంది, అందులో 2.8 పలక పెడితే మళ్లీ అదే 0.4 సందు. ఆఫ్‌సెట్ వేయకుండా పంపే ఫైలైతే ఆ గాడిని 2.6గా గీయాలి. వానాకాలంలో ఎండీఎఫ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, షీటు వంగితే ఫోకస్ తప్పి ఒక మూల కోత పూర్తిగా దిగదు. షీటు కొన్న రోజునే కాకుండా కోసే రోజున మందం కొలవండి.

పెట్టె మూత మీద చెక్కే పేరుకు ఈ లెక్కలు అక్కరలేదు, వేరే లెక్క ఉంది. చెక్కేటప్పుడు కిరణం వరుస వెంట వరుసగా అటూ ఇటూ తిరుగుతుంది. వరుసల మధ్య ఎడం 0.1 మిల్లీమీటరు అంటే అంగుళానికి 254 వరుసలు. సాధారణ లెన్సుతో కిరణపు చుక్కే దాదాపు అంత ఉంటుంది కాబట్టి ఫోటోను 1000 డీపీఐలో (అంగుళానికి చుక్కల సంఖ్య) పంపినా అదనపు వివరం రాదు, కాలం మాత్రం పెరుగుతుంది. ఫోటో అయితే అసలు పరిమాణంలో 254 నుంచి 300 డీపీఐ, గ్రేస్కేల్, ముఖంలో వెలుగునీడల తేడా కొంచెం పెంచి పంపండి. సన్నని అక్షరాల్లో ఒత్తు లోపలి ఖాళీ అర మిల్లీమీటరు కంటే తగ్గితే ఎండీఎఫ్‌లో మసి పట్టి పూడుకుపోతుంది. మూత వైశాల్యమంతా నల్లగా చెక్కి అక్షరాలను తెల్లగా వదలాలనే ఆలోచన తెరమీద అందంగా ఉంటుంది, బిల్లు చూశాక ఉండదు. పారదర్శక అక్రిలిక్‌ను, అద్దం అక్రిలిక్‌ను వెనుకవైపు నుంచి చెక్కిస్తే ఫైలును కుడి ఎడమలు మార్చి పంపాలి. అలా మార్చామని రాయకపోతే మంచి మనసున్న ఆపరేటర్ దాన్ని సరిచేసి కోస్తాడు.

చెక్కడం ముందు, లోపలి కన్నాలు తరువాత, బయటి చుట్టు చివర అన్న వరుసను లేయర్లలోనే కనిపించేలా పెట్టండి. బయటి చుట్టు ముందే కోస్తే ముక్క కొద్దిగా జారుతుంది, ఆ తరువాత పడే అక్షరాలు పక్కకు పోతాయి. ముక్కల మధ్య 2 లేదా 3 మిల్లీమీటర్లు, షీటు అంచు నుంచి 10 మిల్లీమీటర్లు వదలండి. 8 బై 4 షీటంతా ఒకే ఫైలులో నింపే ముందు యంత్రపు బల్ల ఎంతో అడగండి. 1300 బై 900 మిల్లీమీటర్ల బల్లలే ఎక్కువగా కనిపిస్తాయి.

నేమ్ ప్లేటును చవకలో సన్‌బోర్డులో కోయవచ్చా అని చివర అడిగారు. సన్‌బోర్డు పీవీసీ నురుగు పలక. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని, యంత్రపు పట్టాలను, లెన్సులను తుప్పు పట్టించి తినేస్తుంది. వినైల్ స్టిక్కరుకు, పీవీసీ రెగ్జిన్‌కు ఇదే వర్తిస్తుంది. ఎవరైనా లేజర్‌లో కోసి ఇస్తామంటే ఆ షాపుకు వెళ్లకండి. సన్‌బోర్డును, ఏసీపీని (అల్యూమినియం పూత పలక) తిరిగే బిట్టుతో కోసే సీఎన్‌సీ రూటర్‌లో కోయిస్తారు, ఆ ఫైలులో లోపలి మూలలన్నీ బిట్టు వ్యాసార్ధమంత గుండ్రంగా వస్తాయని గుర్తుంచుకోండి. ఆరుబయట పేరుకు పోత అక్రిలిక్ తీసుకోండి, చెక్కితే తెల్లగా తేలుతుంది. కోసిన అంచులను స్పిరిటుతో తుడవకండి, సన్నని పగుళ్లు వస్తాయి.

ఫైలుతో పాటు పంపే మెసేజ్‌లో షీటు పేరు, కొలిచిన మందం, ముక్కల సంఖ్య, ఏ రంగు ఏ పని, ఆఫ్‌సెట్ వేశారా లేదా, 100 మిల్లీమీటర్ల చతురస్రం ఎక్కడుంది అన్నవి రాయండి. పీడీఎఫ్‌తో పాటు పూర్తయిన వస్తువు ఎలా ఉండాలో చూపే ఒక జేపీజీని కూడా జత చేస్తే, తలకట్టు ఏ అక్షరానిదో ఎవరూ మిమ్మల్ని ఫోనులో అడగరు. మొత్తం ఆర్డరుకు ముందు అదే షీటు నుంచి పెట్టె ఒక మూల రెండు ముక్కలను, నేమ్ ప్లేటులోని ‘శ్రీ’ని మాత్రం కోసి ఇవ్వమని అడగండి, మూల బిగుసుకుని, ‘శ్రీ’ లోపల అడ్డకోతలు లేకుండా చేతికి వచ్చాకే మిగిలినది కోయమని చెప్పండి.